ఉప్పు జాడీలో చీనా చాయ్

షుగరు బీమారి ఉందని దవాఖానలో చెప్పిన నాటి నుంచి మా అత్తమ్మకు తెల్లవారడం మీద ఇష్టం పోయింది. అంతకు ముందు మా ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఆమే. వాకిలి ఊడ్చి, ముగ్గు వేసి, నేను దేవుడి దగ్గర దీపం పెట్టి బయటికి వచ్చేసరికి అరుగు మీద కూర్చుని ఉండేది. చేతిలో స్టీలు గ్లాసు, గ్లాసు నిండా చాయ్, చాయ్ నిండా చక్కెర. పనికి పోయేవాళ్లను, పాలు పోసేవాళ్లను, ఆఖరికి మా వీధిలో మట్టి ఎత్తిపోసే లారీ డ్రైవర్లను కూడా పలకరించకుండా పోనిచ్చేది కాదు. మాదాపూర్‌లో ఎవరింట్లో ఏం జరిగినా మాకు ఆ గ్లాసు ఖాళీ అయ్యేలోపే తెలిసేది.

డాక్టరమ్మ చక్కెర మానెయ్యమంది. చక్కెర లేకుండా పాలచాయ్ పెట్టి ఇస్తే అత్తమ్మ ఒక గుక్క తాగి, గ్లాసు కడిగిన నీళ్లు తెచ్చినవేందని అడిగింది. పాలు కూడా తీసేసి ఉత్త డికాషన్ ఇచ్చాను. అది గొంతులో చేదుగా పట్టుకుంటోందని పక్కన పెట్టింది. ఇక చాయ్ మాటే ఎత్తవద్దంది. అంతటితో ఆగితే నేను అంత బెంగ పడేదాన్ని కాదు. అరుగు మీదకు రావడం మానేసింది. గోడ వైపు తిరిగి పడుకుని, ఎండ మంచం మీదకు వచ్చేదాకా లేచేది కాదు. లేవమంటే, "లేచి ఏం జేయాలె?" అనేది.

ఆ మాట నాకు గుచ్చుకుంది. నన్ను కన్నది మా అమ్మే అయినా, పెళ్లయి వచ్చాక వంట దగ్గర నుంచి వ్రతాల దాకా చేయి పట్టుకుని నేర్పింది ఈ అత్తమ్మే. నేను బడికి పోయినదాన్ని కాదు. మా నాయన ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించాడు, మిగిలిందంతా ఈమె దగ్గరే దిద్దుకున్నాను. అందుకని రోజూ దీపం పెట్టేటప్పుడు పెద్దమ్మ తల్లిని ఒక్కటే అడిగేదాన్ని. ఆమె పొద్దును ఆమెకు ఇయ్యి తల్లీ, ఎట్ల ఇస్తవో నీ ఇష్టం అని.

ఆ తల్లి దాన్ని మలేషియా నుంచి పంపిస్తుందని నేనెందుకు అనుకుంటాను?

అప్పట్లో మా ఆయన గుట్టల మధ్య కడుతున్న పెద్ద అద్దాల భవనం దగ్గర కంట్రాక్టరు జీపు నడిపేవాడు. బండలు పేల్చినప్పుడల్లా మా వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. ఆ భవనానికి చల్లగాలి మిషన్లు బిగించడానికి మలేషియా నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. బేగంపేట హోటలు నుంచి రోజూ దుమ్ములో రావడం, పోవడం ఆయనకు కష్టమై, దగ్గర్లో గది ఏదైనా కిరాయికి ఉందా అని మా ఆయనను అడిగాడట. మా ఇంటి మీద ఒక గది ఖాళీగా ఉంది. చీనా మనిషట, ఏం వండుకుంటాడో ఏం తింటాడో అని అత్తమ్మ పడుకున్న చోటు నుంచే గొణిగింది.

ఆయన వచ్చిన రోజు గేటు దగ్గరే బూట్లు విప్పి, మంచం దగ్గరికి వచ్చి చేతులు జోడించి, "నమస్కారమండీ అవ్వగారూ, ఒంట్లో కులాసాయేనా అండీ?" అన్నాడు.

అత్తమ్మ లేచి కూర్చుంది. ఆయన ముఖం వంక చూసింది, కొడుకు వంక చూసింది. "చీనాయన అంటివి గదరా. ఈయన మాట రాజమండ్రాయన లెక్కున్నది" అంది.

ఆయన కథ తర్వాత తెలిసింది. చీనా వాళ్లే గానీ, పుట్టి పెరిగింది మలేషియాలో రబ్బరు తోటల పక్కన. తాతల కాలంలో కోస్తా నుంచి ఆ తోటల్లో పనికి పోయిన తెలుగు కుటుంబాలు అక్కడే స్థిరపడ్డాయి. తల్లి పనికి పోతే, పక్కింటి తెలుగావిడే ఈయనకు కూడా తన పిల్లలతో కలిపి అన్నం ముద్దలు పెట్టిందట. అందుకని ఆయన తెలుగు ఎప్పుడో మన దగ్గర నుంచి ఓడెక్కి పోయిన తెలుగు. మా ఆయన కంటే పెద్దవాడు, తలంతా నెరిసింది. నన్ను చెల్లెమ్మా అని పిలిచేవాడు. అవ్వగారూ అని ఆయన పిలిచినప్పుడల్లా అత్తమ్మ కొంగు సర్దుకునేది.

దిగిన వారానికే ఆయన కాగితంలో చుట్టిన నల్లటి ముక్క ఒకటి తెచ్చి ఇచ్చాడు. చాయ్ అట. పై గదిలో అది మొత్తంగా ఎలా ఉంటుందో చూపించాడు. చిన్న పళ్లెమంత గుండ్రంగా, చపాతీ కంటే మందంగా ఒత్తిన బిళ్ల. వెనక నడుమ ఒక గుంట. దగ్గర పెట్టుకుని చూస్తే తప్ప అది ఆకని తెలియదు. ఆయన పెళ్లినాడు వాళ్ల నాన్న కొని, ఏళ్ల తరబడి దాచి, ఈ దూరదేశం వచ్చేటప్పుడు చేతిలో పెట్టాడట. సగం దాకా తాగేశాడు, సగం మిగిలింది. చీనా దేశపు కొండల్లో పుట్టిన ఆకును ఆవిరి పట్టి, రాయి కింద ఒత్తి, అలా వదిలేస్తారు. ఎంత పాతబడితే అంత మంచిదట.

నేను మెట్లు దిగి వచ్చి, మనం చేసే పనే చేశాను. అల్లం దంచి వేసి, ఆ ముక్కను నీళ్లలో కుతకుత మరిగించి, చిక్కటి పాలు పోసి, చక్కెర వేసి మా ఆయనకు ఇచ్చాను. రంగు చెరువు బురద, వాసన తడిసిన గోనెసంచి. ఆయన ముక్కు మూసుకుని గ్లాసు ఖాళీ చేసి, ఇది దగ్గుకా, జలుబుకా అని అడిగాడు. నాకు రెండూ లేవే అన్నాడు. మర్నాడు జీపులో ఈ సంగతి చెప్తే మలేషియా ఆయన దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాడట. ఆదివారం పొద్దున తానే కింద కూర్చుని చేసి చూపిస్తానని కబురు పెట్టాడు.

ఆదివారం ఆయన సరంజామా అంతా అరుగు మీద పరిచాడు. గుప్పిట్లో పట్టేంత మట్టి కూజా, బొమ్మల పెళ్లికి పెట్టే గిన్నెలంత కప్పులు, గోనెలు కుట్టే దబ్బనం లాంటి ఒక ఇనుప పుల్ల. వింత చూడటానికి అత్తమ్మ కూడా వచ్చి గడప మీద కూర్చుంది. ఎన్ని నెలలకో ఆమె పొద్దున పూట బయటికి రావడం. నేను చూడనట్టే ఉన్నాను. చూస్తే లేచి పోతుందేమోనని.

ఆయన దబ్బనంతో బిళ్ల అంచున పొడిచి, ఆకు విరగకుండా పొరలు పొరలుగా లేపాడు. కూజాలో వేసి సలసల కాగే నీళ్లు పోశాడు. పోసిన వెంటనే ఆ నీళ్లను పళ్లెంలోకి వంచేశాడు. అత్తమ్మ ఉండబట్టలేకపోయింది. "తొలి డికాషన్ పారబోస్తివేంది బిడ్డా? అది ఇంటికొచ్చిన పెద్దోళ్లకు ఇచ్చేది గదా" అంది.

మా ఇళ్లలో లెక్క అంతే. తొలి డికాషన్ అల్లుడికి, వియ్యంకుడికి, పెద్దలకు. రెండోది మనకు. మూడోది ఎవరికైనా ఇచ్చారంటే వాళ్లను రావద్దని చెప్పినట్టే. ఆయన మర్యాదగా విని, ఇన్నేళ్లు కాగితంలో పడుకున్న ఆకు కదండీ, ముందు ఒళ్లు కడుక్కోవాలి, అప్పుడే పెద్దల ముందుకు రావాలి అన్నాడు. అత్తమ్మకు ఆ మాట నచ్చింది. స్నానం చేయించినట్టన్నమాట అని ఒప్పుకుంది. అయినా పారబోయడానికి మనసొప్పక, చల్లారాక ఆ నీళ్లు తులసి కోటలో పోయమని నాకు అప్పజెప్పింది.

ఆ రోజు చాయ్ మీద తెల్లటి తెట్టు కట్టింది. ఆయన కప్పు తిప్పి చూసి తల గోక్కున్నాడు. అత్తమ్మ చూడగానే చెప్పింది, అది మీ ఆకు తప్పు కాదు, మా బోరు నీళ్ల తప్పు అని. ఆ నీళ్లతో పప్పే ఉడకదు. మా ఆయనను తరిమి, తెలిసినవాళ్ల పొలంలోని తియ్యటి నీళ్ల బావి నుంచి బిందె తెప్పించింది. మళ్లీ మొదలుపెట్టారు.

ఈసారి కప్పులో చాయ్ ఎర్రటి నలుపు. వెలుతురుకు పెడితే దానిమ్మ రంగు. అత్తమ్మ వాసన చూసి, వానకు తడిసిన మట్టిగోడ అంది. ఒక గుక్క తాగింది. మన్ను తాగినట్టుందని కప్పు కింద పెట్టేసింది. నా ప్రాణం ఉసూరుమంది. ఆయన మాత్రం తన కప్పు తాను తాగుతున్నాడు. కాసేపటికి అత్తమ్మ పెదవులు తడుపుకుంది. మళ్లీ తడుపుకుంది. అనుమానంగా ఆయన వైపు తిరిగింది.

"నోట్లె తియ్యగైతుంది. చక్కెరేసినవా?"

"లేదండీ అవ్వగారూ. ఒట్టు."

"మరి యాడికెళ్లి వచ్చింది?"

ఆయన బిళ్ల వైపు, ఆకాశం వైపు చేయి చూపించాడు. కాలం అన్నట్టు. అత్తమ్మ మళ్లీ కప్పు తీసుకుని ఈసారి మెల్లగా, నోట్లో నిలిపి తాగింది. తాగి లేచి లోపలికి పోయింది. నచ్చక పోయిందనుకున్నాను. ఆమె తిరిగి వచ్చింది చేతిలో జాడీతో. అందులో ఆమె ఎన్నో ఏళ్లుగా దాచిన చింతపండు, బొగ్గులా నల్లబడింది. బాలింతలకు, జ్వరం పడి లేచినవాళ్లకు పథ్యం పెట్టేది ఇదే. కొత్త చింతపండు పళ్లు జివ్వుమనిపిస్తుంది, పాతది ఒంటికి హాయి. చుట్టుపక్కల ఎవరికి కాన్పైనా ఈ జాడీ కోసమే వచ్చేవాళ్లు. అత్తమ్మ అందులోంచి గోరంత తీసి ఆయన నాలుక మీద పెట్టింది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. కళ్లు తెరిచి, రెండు చేతులతో ఆ జాడీకి దండం పెట్టాడు. ఇక ఆ ఇద్దరి మధ్య నా అవసరం గానీ మా ఆయన అవసరం గానీ లేకపోయింది. పాత బియ్యం, పాత బెల్లం, పాత నెయ్యి, పాత చాయ్. ఏది ఎందుకు పాతబడాలో, ఏది పాతబడితే పాడవుతుందో ఎండ నెత్తి మీదకు వచ్చేదాకా మాట్లాడుకున్నారు.

ఆ తర్వాత నేను దీపం వెలిగించేసరికి వంటింట్లో నీళ్లు కాగుతున్న చప్పుడు వినిపించేది. నేను కళ్లు మూసుకుని ఆ చప్పుడు విని, దండం పెట్టుకుని, ఇంకేమీ అడగకుండా లేచేదాన్ని. చిటికెడు ఆకుతో మధ్యాహ్నం దాకా గడుస్తుంది, పోసిన కొద్దీ ఇస్తూనే ఉంటుంది. అది అత్తమ్మకు అన్నింటికంటే నచ్చింది. ఒక్కో పోతకు ఒక్కో పేరు పెట్టింది. మొదటిది మన్ను. తర్వాతది కట్టె, అంటే పాత చెక్కపెట్టె తెరిచిన వాసన. ఆ తర్వాత వచ్చేది ఖర్జూరం. చివర్న రంగు వెలిసిపోయి వచ్చేది బెల్లం కడిగిన నీళ్లు. ఖర్జూరమే అన్నింటికంటే గొప్పదని ఆమె, కాదు చివరి నీళ్లలోనే అసలు రుచి ఉందని ఆయన రోజూ వాదించుకునేవాళ్లు. ఆయన జీపెక్కాక కూడా వాదన ఆగేది కాదు. కిటికీలోంచి తల బయటపెట్టి ఒక మాట అనేవాడు, ఈమె అరుగు మీద నుంచి ఒక మాట విసిరేది. దారిన పోయేవాళ్లు మళ్లీ ఆగడం మొదలుపెట్టారు. ఆ చాయ్ రుచి చూపిస్తే పాలాయన ముఖం అష్టవంకర్లు తిప్పి, అవ్వా, నా బర్రె కూడా తాగదు అన్నాడు. నీ బర్రె ఇచ్చే నీళ్లపాల కంటే నయమే అని అత్తమ్మ అక్కడికక్కడే తిప్పికొట్టింది.

ఎండాకాలంలో ఏవో మిషను భాగాలు ఓడరేవులో ఆగిపోయి పని నిలిచింది. ఆయనను కొన్నాళ్లు ఇంటికి పోయి రమ్మన్నారు. పోయేముందు మిగిలిన బిళ్లను కాగితంతో సహా అత్తమ్మ చేతుల్లో పెట్టాడు. రోజూ తాగమన్నాడు, తాను వచ్చేసరికి కొంచెం ఉంచమన్నాడు. గాలి తగిలే చోట పెట్టండి, వాసనలు తగలనివ్వకండి, తడి తగలనివ్వకండి అని చెప్పాడు.

"ఫికరు జెయ్యకు కొడుకా. ఇది నా దగ్గర అమానత్" అంది అత్తమ్మ.

అమానత్ అంటే మా వైపు ఉత్త మాట కాదు, ప్రమాణం. ఒకరు నమ్మి అప్పగించిన వస్తువు. ఇల్లు కాలిపోతున్నా ముందు దాన్ని బయటికి తెస్తారు.

ఆ నెలలోనే మా పుట్టింట్లో పెళ్లి ఉండి నేను శంకర్‌పల్లి పోయాను. తిరిగి వచ్చేసరికి ఆకాశం మబ్బు పట్టి ఉంది. ఒక వాన అప్పటికే కొట్టింది. ఇంట్లో ఆ ఏటి చింతపండు పని పూర్తయింది. అత్తమ్మ గింజలు తీసి, ఎండబెట్టి, ఉప్పు చల్లి జాడీలకెత్తింది. మూతుల మీద తెల్లగుడ్డలు కట్టిన జాడీలు వంటింటి మూల వరుసగా కూర్చున్నాయి. చాయ్ బిళ్ల ఉండే అలమారా గూడు మాత్రం ఖాళీగా ఉంది.

అదెక్కడని అడిగితే అత్తమ్మ గర్వంగా నవ్వింది. వానలొస్తయి, బూజు పడితే ఎట్ల, భద్రం జేసిన అంది. చివరి జాడీ ముందుకు లాగి గుడ్డ విప్పింది. లోపల గల్లుప్పు. ఉప్పు మధ్యలో, సగం చందమామలాగా, మలేషియా ఆయన నాన్న దాచిన చాయ్ బిళ్ల.

నేను వంగి బిళ్లను వేలితో తడిమాను. అత్తమ్మ దాన్ని మరోలా అర్థం చేసుకుంది.

"నా చింతపండుకు ఎన్నడన్న బూజు పట్టిందా? చూడు. పదేండ్లయినా దీనికి ఏం గాదు."

మర్నాడు పొద్దున ఆమె ఎప్పటిలాగే ఆకు లేపి, కడిగి, పోసింది. మొదటి గుక్క నోట్లో పెట్టుకుని అలాగే ఆగిపోయింది. లేచి మోరీ దగ్గరికి పోయి ఉమ్మింది. కప్పు నాకు అందించింది. ఊరగాయ జాడీ కడిగిన నీళ్లు, ఇంకో మాట లేదు. ఉప్పు గాలిలో తడిని లాగింది, ఆ తడి పై ఆకుల్లోకి పోయింది. నేను ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆమెకు అన్నీ ఒకేసారి అర్థమయ్యాయి.

"నా చాయ్ పోతే పోనియ్యి" అంది. "వాళ్ల నాయన దాచింది గద. నమ్మి నా చేతుల పెట్టిండు."

మా ఆయన ఆమె మనసు తేలిక చేద్దామని, ఎస్టీడీ బూతు నుంచి ఫోన్ కొట్టి చెప్పేద్దామా అన్నాడు. వద్దంది. ఎదురుగ నిలబడి చెప్తానంది. ఆ మర్నాడు ఆమె అరుగు మీదకు రాలేదు. దాని మర్నాడు కూడా రాలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. నీళ్లు కాగే చప్పుడు లేకుండా దీపం వెలిగించడం నాకు కొత్తగా, కష్టంగా అనిపించింది. ఏమని మొక్కాలో కూడా తెలియలేదు. చాయ్‌లో కలిసిన ఉప్పును వెనక్కి తీయమని ఏ దేవుణ్ణి అడుగుతాం? ఆ మనిషి ఈమె మీద కోపం తెచ్చుకోకుండా చూడు తల్లీ అని మాత్రం అడిగాను. బిళ్లను జాడీలోంచి తీసి, మెత్తటి పొడిగుడ్డతో ఉప్పు దులిపి, పై గదిలో కిటికీ తీసి, వెదురు చాటలో ఆరబెట్టాను. నా చేతనైంది అంతే.

వానలు బాగా పట్టాక ఆయన వచ్చాడు. జీపు చప్పుడు వినగానే అత్తమ్మ మంచం దిగింది. నేను చేయి పట్టుకోబోతే వద్దంది. ఆయన ఇంకా బూట్లు విప్పనే లేదు, ఈమె వాననీళ్లలో గేటు దాకా పోయి నిలబడింది.

"కొడుకా, నీ చాయ్ నేను ఖరాబు జేసిన. ఉప్పేసిన."

"ఉప్పా అండీ?"

"ఉప్పే."

"చాయ్‌లోనా అండీ?"

"చాయ్‌ల గాదు, చాయ్‌కే. బూజు పడతదని, చింతపండు లెక్క జాడీలబెట్టిన."

ఆయన నా వైపు చూశాడు. మా ఆయన వైపు చూశాడు. మా ఆయన జీపు టైరును ఎన్నడూ చూడనట్టు పరీక్షిస్తున్నాడు. మలేషియా ఆయన సంచి కింద పెట్టి, ముందు లోపలికి పదండి అవ్వగారూ, తడుస్తున్నారు అన్నాడు. నవ్వలేదు, విసుక్కోలేదు. బిళ్లను చూడాలన్నాడు.

నేను చాట తెచ్చి ముందు పెట్టాను. ఆయన ఒక ఆకు లేపి చిన్నపిల్లవాడిలా నాలుకకు తాకించి, ముఖం చిట్లించాడు. ఇంకాస్త లోపల పొడిచి, ఇంకో ఆకు నాలుక మీద పెట్టుకున్నాడు. ఇంకా లోపలికి పోయాడు. నడిమి భాగం, వెనక గుంట ఉన్నచోటు, రాయిలా ఉంటుంది. దబ్బనం అక్కడ దిగనే లేదు. రెండు చేతులతో బలంగా నొక్కి ముక్క విరిచి, రుచి చూశాడు.

"ఇక్కడికి పోలేదండీ" అన్నాడు. "రాయి కింద ఒత్తారు కదా. ఉప్పుకు దారి దొరకలేదు."

పైపొరలన్నీ ఒలిచి ఒక కాగితంలో పోశాడు. నడిమి ముక్క నుంచి కొంచెం తీసి కూజాలో వేసి, ఎందుకైనా మంచిదని ఒకటికి రెండుసార్లు కడిగాడు. నేను అలవాటు కొద్దీ ఆ నీళ్ల పళ్లెం ఎత్తితే, అంత పరేషాన్‌లో కూడా అత్తమ్మ కేక వేసింది, ఉప్పునీళ్లు తులసమ్మకు పోస్తవా, మోరీల పొయ్యి అని. అప్పుడు నాకు కొంచెం ధైర్యం వచ్చింది. అత్తమ్మ అత్తమ్మలాగే ఉంది.

మన్ను పోత అయింది, కట్టె పోత అయింది. ఆ రెండు పోతలూ ఆమె పట్టుకుని కూర్చుందే గానీ తాగలేదు. మూడోసారి పోసి ఇచ్చాడు. ఆమె కప్పు ఎత్తి, చాలాసేపు నోట్లో నిలిపి, మింగింది.

"ఉన్నది" అంది.

"ఏమున్నదే, ఉప్పా?" అని అడిగాడు మా ఆయన.

"ఖర్జూరం."

మలేషియా ఆయన అప్పుడు నవ్వాడు. ఇన్నాళ్లూ దాచుకున్న నవ్వులాగా భుజాలు ఎగిరేలా నవ్వాడు. నవ్వుతూనే ఆ ఒలిచిన ఉప్పు ఆకులను వేరే గిన్నెలో వేసి మరిగించమని నాకిచ్చాడు. చీనా దేశానికి అవతల చలికొండల్లో జనం చాయ్‌లో ఉప్పూ వెన్నా వేసుకునే తాగుతారట. మా ఇంట్లో వెన్న లేకపోతే చెంచాడు నెయ్యి వేశాను. ఆయన గుటగుటా తాగి, మా నాన్నకు చెప్తే మీరు కొండల మనిషే అంటాడండీ అన్నాడు. మా ఆయన కూడా తాగి, ఇది చాయ్ అయితే కాదు గానీ పోపు పెడితే అన్నంలోకి బ్రహ్మాండంగా ఉంటుందని తీర్పు చెప్పాడు. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వుతోందో ఏడుస్తోందో అని వంగి చూశాను. నవ్వుతోంది.

అప్పుడాయన సంచిలోంచి ఇంకో బిళ్ల తీశాడు. కాగితం కొత్తది, మడత నలగలేదు. అవ్వగారి చింతపండు కథ విని వాళ్ల నాన్నే కొని పంపాడట. ఇది మొత్తం మీదేనండీ అన్నాడు. అత్తమ్మ కాగితం విప్పింది. లోపల ఆకు నల్లగా లేదు, ఆకుపచ్చా బూడిదా కలిసిన రంగు. వెంటనే ఒక పోత పోసి చూశారు. రంగు పసుపు, రుచి వేపాకు. నేను ఒక్క గుక్కకే నీళ్ల చెంబు వెతుక్కున్నాను.

"ఇది పచ్చికాయ" అంది అత్తమ్మ, నోరు వంకర పెట్టి. "పండాలె."

"అవునండీ."

"ఎన్నేండ్లు పడుతది?"

ఆయన ఆ సంగతి ముందు ఆలోచించినట్టు లేదు. ఆమె నెరిసిన తల వైపు, చేతుల మీది ముడతల వైపు చూసి, మాట నమిలాడు. "పదేళ్లు... పదిహేనేళ్లు కూడా అండీ."

బయట చూరు నుంచి నీళ్లు పడుతున్నాయి. లేచి ఏం చేయాలని అడిగిన మనిషి చేతిలో, పదిహేనేళ్ల తర్వాత తాగాల్సిన చాయ్ ఉంది. ఆమె ఆ బిళ్లను అటు తిప్పింది, ఇటు తిప్పింది, వేలితో తట్టింది, వాసన చూసింది. కొత్త జాడీ కొనేటప్పుడు పగుళ్ల కోసం చూసినట్టు అంచు చుట్టూ వేలు తిప్పింది.

"ఉప్పు వద్దంటవు."

"వద్దండీ."

"మూత?"

"వద్దండీ. గాలి కావాలి."

"అయితే వంటింట్ల పనికిరాదు, తాలింపు వాసన. దేవుడి గదిల పనికిరాదు, అగరొత్తులు" అని ఆమె తనలో తాను ఇల్లంతా తిరిగి వచ్చింది. చివరికి తన మంచం పక్కన గాలి ఆడే గూడు ఒకటి ఉందని, అదే సరైన చోటని తేల్చింది. ఆ గూట్లో ఆమె చీరెల ట్రంకు పెట్టె ఉంటుంది. పెట్టె నిండా చీరెలకు పురుగు పట్టకుండా వేసిన డాంబరు గోలీలు. కొడుకును పిలిచి, పెట్టె అవతలి గదిలోకి మోయమంది.

మా ఆయన పెట్టె ఎత్తుతూ ఊరుకోలేదు. "అది తయారయ్యేసరికి నువ్వెంత ముసలిదానివైతవో చూసుకున్నవా అమ్మా?"

"నేను ముసలిదాన్నైతే నీకేంది?" అంది అత్తమ్మ. "చాయ్ ముసలిది గావాలె గద. మొయ్యి, మొయ్యి. గోడకు గీరకు."

గూడు ఖాళీ అయ్యాక ఆమె తడిబట్టతో తుడిచింది. ఆ తడి పూర్తిగా ఆరేదాకా బిళ్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. డాంబరు వాసన ఇంకా ఉందేమోనని మమ్మల్ని ఒక్కొక్కరినీ పిలిచి గూట్లో తల పెట్టి చూడమంది. మలేషియా ఆయన కూడా మోకాళ్ల మీద కూర్చుని, తల లోపలికి పెట్టి, గట్టిగా గాలి పీల్చి, కొంచెం ఉందండీ అన్నాడు. అయితే ఇవాళ వద్దు, కిటికీ తీసిపెట్టు, రేపు పొద్దున లేచి మళ్ల జూస్త అని నాతో అంది.